కోసి తీసిన పేగు ఎంతసేపు బతుకుతుంది?

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం)



సుబ్బారావు గారిని తలుచుకునే సభల్లో ఆయన కృషితో ముడిపడిన ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ ప్రస్తావనకు రావడం ఆనవాయితీ. నేను ఈ సాయంత్రం పేగు గురించి మాట్లాడతాను. ఆయన జీవితంలో పేగుకు ఉన్న చోటు చిన్నది కాదు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి కృశించిపోయే స్ప్రూ జబ్బుకు ఆయన సోదరులను పోగొట్టుకున్నారు. తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసిన కొద్ది కాలానికే, 1945-46 ప్రాంతంలో, అమెరికన్ వైద్యుడు టామ్ స్పైస్ దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి వాళ్ల రక్తహీనత తగ్గడం చూశారు. స్ప్రూ అంటే పేగు లోపలి పొర దెబ్బతిని, లోపలికి రావలసినవి రాకపోవడం. ఏది లోపలికి వస్తుంది, ఏది రాదు, ఎంత వేగంగా వస్తుంది అన్న ఆ ప్రశ్నను ప్రయోగశాలలో మనిషి పేగు ముక్క మీదే అడగవచ్చు. అడగాలంటే ముందు ఆ ముక్క బతికి ఉండాలి. నా విషయం అంతా ఆ ఒక్క షరతు చుట్టూ తిరుగుతుంది.

సుబ్బారావు గారిని తలుచుకోవడానికి మరో కారణమూ ఉంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావులు కండరంలో ఏటీపీని కనుక్కున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. కణజాలం బతికి ఉందా అని మనం అడిగేటప్పుడు నిజానికి అడిగేది, దానిలో ఏటీపీ ఇంకా తయారవుతోందా అనే. కణంలోంచి సోడియంను బయటికి తోసి పొటాషియంను లోపలికి లాగే పంపు ఏటీపీ మీద నడుస్తుంది. ఆ పంపు ఆగితే కణం ఉబ్బుతుంది, పక్క కణంతో పట్టు వదులుతుంది, చివరికి కింది పొర నుంచి ఊడిపోతుంది. ఆ పంపును 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ పీత నరాల్లో గుర్తించాడు. ఏటీపీని విరిచే అలాంటి ఎంజైములు ఎంత చురుకుగా పనిచేస్తున్నాయో అవి విడుదల చేసే ఫాస్ఫేట్‌ను బట్టి కొలుస్తారు. ఫాస్ఫేట్‌ను కొలవడానికి దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడిన నీలిరంగు పరీక్షల్లో 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిది ముందు వరస.

ఇక ప్రయోగం సంగతి. పేగు గోడ ముక్కను రెండు చిన్న గదుల మధ్య తెరలా బిగిస్తారు. ఒక గది పేగు లోపలి వైపు, అంటే ఆహారం నడిచే వైపు. రెండోది రక్తం ఉండే వైపు. మందును మొదటి గదిలో కలిపి, రెండో గదిలోంచి కొద్దికొద్ది వ్యవధిలో నమూనాలు తీసి, ఎంత దాటిందో కొలుస్తారు. అలా వచ్చే సంఖ్యే పారగమ్యత. ఈ పరికరాన్ని ఉస్సింగ్ చాంబర్ అంటారు. కోపెన్‌హాగెన్‌లో హాన్స్ ఉస్సింగ్, జెరాన్‌తో కలిసి 1951లో ప్రచురించిన ప్రయోగం నుంచి ఆ పేరు వచ్చింది. ఆయన గదుల మధ్య బిగించింది కప్ప చర్మం. దాని రెండు వైపుల మధ్య సహజంగా ఒక వోల్టేజి ఉంటుంది. బయటి నుంచి కరెంటు పంపి ఆ వోల్టేజిని సున్నాకు తెచ్చి, అందుకు ఎంత కరెంటు కావలసి వచ్చిందో చూశాడు. రేడియోధార్మిక సోడియంతో లెక్కకట్టిన సోడియం నికర ప్రవాహం, ఆ కరెంటు సరిగ్గా సమానంగా వచ్చాయి. జీవకణాలు శక్తి ఖర్చుపెట్టి సోడియంను ఒక దిక్కుకు తోస్తున్నాయనడానికి అంతకంటే శుభ్రమైన రుజువు నేను చదవలేదు.

ఉస్సింగ్ ఎంచుకున్న కప్ప చర్మం మొండిది. శీతల రక్త జంతువు చర్మం గది వేడిలోనే, సాదా ఉప్పు ద్రావణంలో గంటల తరబడి పనిచేస్తుంది. మనిషి పేగుకు అంత ఓపిక లేదు. 37 డిగ్రీల వేడికి అలవాటు పడినది, మూడు నుంచి ఐదు రోజులకొకసారి తన పైపొరను పూర్తిగా మార్చుకునేది, నిమిష నిమిషానికీ రక్తం తెచ్చే ఆక్సిజన్ మీద ఆధారపడేది. కప్ప మీద కుదిరిన పద్ధతి మనిషి పేగు మీద కుదరాలంటే, పరికరం కంటే ముందు పరికరం దాకా వచ్చే దారిని సరిచేయాలి.

ఆ దారి ఆపరేషన్ థియేటర్‌లో మొదలవుతుంది. కుడివైపు పెద్దపేగులో క్యాన్సర్ ఉన్నప్పుడు ఆ భాగంతో పాటు చిన్నపేగు చివర కొన్ని సెంటీమీటర్లు కూడా తీసేస్తారు. పాంక్రియాస్ తల తీసే విపుల్ ఆపరేషన్‌లో చిన్నపేగు మొదట్లోని డుయోడినం, జెజునం తొలి భాగం వస్తాయి. గడ్డకు దూరంగా ఉన్న, పెథాలజిస్ట్ చూసి తనకు అక్కర్లేదన్న ఆరోగ్యకరమైన భాగమే మనకు దొరికేది. గడియారం మొదలయ్యేది ముక్క బయటికి వచ్చినప్పుడు కాదు. సర్జన్ ఆ భాగానికి రక్తం తెచ్చే నాళాలకు ముడి వేసినప్పుడే మొదలవుతుంది. ముడి వేశాక కోసి, విడదీసి, బయటికి తీయడానికి చాలా సమయం పట్టవచ్చు. అంతసేపూ ఆ పేగు కడుపులో, ఒంటి వేడిలో, రక్తం లేకుండా ఉంటుంది. రక్తం లేని వెచ్చదనం దానికి అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే కణాల ఆకలి పూర్తి స్థాయిలో ఉంటుంది, ఆహారం మాత్రం ఆగిపోతుంది. చాలా ప్రచురణల్లో థియేటర్ నుంచి ల్యాబ్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తారు. ముడి నుంచి కోత దాకా ఎన్ని నిమిషాలో రాయరు. నా దృష్టిలో ఆ రెండో అంకె లేని పారగమ్యత ఫలితం అసంపూర్ణం.

ముందుగా పోయేది ఏ భాగమో కూడా చెప్పాలి. పేగు లోపలి ముఖమంతా వేళ్లలాంటి ఆంత్రచూషకాలతో నిండి ఉంటుంది. ప్రతి చూషకం మధ్యలోంచి ఒక ధమని పైకి వెళుతుంది, దాని చుట్టూ సిరలు కిందికి వస్తాయి. ఎదురెదురుగా నడిచే ఈ నాళాల మధ్య ఆక్సిజన్ దారిలోనే అడ్డంగా దాటిపోతుంది కాబట్టి, చూషకం కొనకు మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ తక్కువ. సరఫరా తెగితే మొదట చచ్చేది ఆ కొనే. 1970లో చియూ, సహచరులు ఈ దెబ్బను సున్నా నుంచి ఐదు దాకా మెట్లు కట్టారు. మొదటి మెట్టులో కొన దగ్గర కణాల కింద చిన్న ఖాళీ కనిపిస్తుంది. తర్వాత పైపొర పాయలుగా లేస్తుంది, చివరికి చూషకమే కూలుతుంది. ఆహారాన్ని, మందులను పీల్చే పనిలో ఎక్కువ భాగం చేసేది కొన దగ్గరి కణాలే. అంటే మనం కొలవాలనుకున్న పని చేసే కణాలే అందరికంటే ముందు చస్తాయి.

కోయగానే ముక్కను ఐసు మీద చల్లబరిచిన, ఆక్సిజన్ పట్టించిన క్రెబ్స్ ద్రావణంలో వేయాలి. వేడి పది డిగ్రీలు తగ్గితే కణాల ఖర్చు సుమారు సగమవుతుంది. 37 నుంచి 4 డిగ్రీలకు దింపితే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. థియేటర్‌లో చేతికి అందే సెలైన్ సీసా సరిపోదా అని విద్యార్థులు అడుగుతుంటారు. సరిపోదు. అందులో గ్లూకోజ్ లేదు, బైకార్బొనేట్ లేదు, కాల్షియం లేదు. కాల్షియం లేని ద్రావణం కప్ప గుండెను కొట్టుకోనివ్వదని 1883లోనే లండన్‌లో సిడ్నీ రింగర్ చూపించాడు. అంతకు ముందు ఆయన ప్రయోగాలు నడవడానికి కారణం లండన్ కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియమే. పేగు విషయంలో కాల్షియం ఇంకో పని చేస్తుంది: పక్కపక్క కణాలను బిగించి ఉంచే టైట్ జంక్షన్లు దాని మీద నిలుస్తాయి. కాల్షియం తీసేస్తే ఆ సందులు తెరుచుకుంటాయి. రవాణా సీసాలోనే సందులు తెరిచి, తర్వాత సందుల్లోంచి ఎంత కారుతోందో కొలవడం అర్థం లేని పని.

క్రెబ్స్, హెన్‌సెలైట్‌లు 1932లో కూర్చిన ద్రావణమే ఇప్పటికీ చిన్న మార్పులతో ఆధారం. దానిలోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువును నిరంతరం బుడగలుగా వదులుతారు. కార్బన్ డయాక్సైడ్ బైకార్బొనేట్‌తో కలిసి పీహెచ్‌ను 7.4 దగ్గర నిలుపుతుంది. ఆక్సిజన్ అంత గాఢంగా ఎందుకో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తం సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. అదే పరిమాణంలో ఈ ద్రావణం, 95 శాతం ఆక్సిజన్‌తో సంతృప్తమయ్యాక కూడా, రెండు మిల్లీలీటర్ల పైచిలుకే మోయగలదు. హీమోగ్లోబిన్ లేని లోటు ఎంతో అక్కడే ఉంది. బుడగలు కాసేపు ఆగితే ఆ కొద్ది నిల్వా కరిగిపోతుంది. సిలిండర్ మధ్యాహ్నం దాకా వస్తుందా లేదా అని ముందు రోజే చూసుకోవలసిన పని ఇది.

ఆక్సిజన్ తక్కువ కాబట్టే కండరం తీయాలి. పేగు గోడ బయటి వైపు రెండు వరసల కండరం ఉంటుంది. రక్తనాళాలు పనిచేయని ముక్కలో ఆక్సిజన్ ఉపరితలం నుంచి నానుకుంటూ లోపలికి పోవాలి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చినా కణజాలం మందం అర మిల్లీమీటరు మించితే నడుమ భాగానికి అందదని 1920లలోనే వార్‌బుర్గ్ లెక్క తేల్చాడు. కండరంతో సహా బిగిస్తే రక్తం వైపు నుంచి ఆక్సిజన్ లోపలి పొరకు చేరదు, పైగా దాటిన మందు కండరంలోనే చిక్కుకుని అవతలి గదికి రాదు. కాబట్టి ముక్కను ఐసు మీద, చల్లటి ద్రావణంలో, కండరం వైపు పైకి పెట్టి, సన్నటి పటకారుతో కండర పొరను మెల్లగా ఒలుస్తారు. ఈ పని చేతికి రావడానికి నెలలు పడుతుంది. తొందరపడితే చిరుగు, నెమ్మదిస్తే ఆలస్యం. మనిషి పేగు ఎలుక పేగు కంటే దళసరి, వయసు మళ్లిన వాళ్లలో కండరం లోపలి పొరకు గట్టిగా అంటుకుని ఉండటమూ మామూలే. మన ల్యాబుల్లో ఈ పని చేసే టెక్నీషియన్ పేరు వ్యాసం చివర కృతజ్ఞతల్లో కనిపిస్తుంది. రచయితల వరసలో ఉండాలని నా అభిప్రాయం. ఫలితం నిలబడేదీ పడిపోయేదీ ఆ చేతిలోనే.

ఒలవడంలో ఇంకో చిక్కు. ఆ గాయానికి కణజాలం ప్రోస్టాగ్లాండిన్లను వదులుతుంది, దాంతో పైపొర ఉప్పునీటిని స్రవించడం మొదలుపెడుతుంది. అయాన్ల రవాణాను చూసే ప్రయోగాల్లో అందుకే ద్రావణంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే ఇండోమెథాసిన్ కలుపుతుంటారు. గ్లూకోజ్ విషయంలోనూ జాగ్రత్త ఉంది. రక్తం వైపు గదిలో గ్లూకోజ్ ఇస్తారు, ఆహారం వైపు గదిలో దానికి సమానంగా మానిటాల్ ఇస్తారు. ఆహారం వైపు గ్లూకోజ్ ఉంటే అది సోడియంను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి కరెంటును పెంచుతుంది. ఆ జోడీ రవాణా ఆలోచనను 1960లో ప్రాగ్ సమావేశంలో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. 1964లో షుల్ట్జ్, జలుస్కీ కుందేలు పేగును ఉస్సింగ్ చాంబర్‌లో బిగించి దాన్ని కరెంటు రూపంలో చూపించారు. విరేచనాలైన పిల్లలకు మనం కలిపి ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పుతో గ్లూకోజ్ ఎందుకుందో చెప్పేదీ ఆ కరెంటే.

ముక్కను బిగించాక అరగంట అటూఇటుగా కుదురుకోనిస్తారు. అది బతికే ఉందని ఎలా తెలుస్తుంది? కంటికి తెలియదు. చచ్చిన పేగు కూడా చాలాసేపు గులాబీ రంగులోనే ఉంటుంది. చాలామంది విద్యుత్ నిరోధాన్ని చూస్తారు. అది ఎక్కువ ఉంటే గోడ గట్టిగా ఉందనుకుంటారు. నిరోధం ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం. మనిషి చిన్నపేగు సహజంగానే కొంత కారే పొర, దాని నిరోధం తక్కువ. కణాలు ఉబ్బి మధ్య సందులు నొక్కుకుపోయినప్పుడు నిరోధం కొంతసేపు పెరగవచ్చు కూడా. చావుకు దగ్గరవుతున్న కణజాలం ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించే ఘడియ అది. రెండు వైపుల మధ్య ఉండే సహజ వోల్టేజి నాకు ఎక్కువ నమ్మకమైనది. చిన్నపేగులో అది కొన్ని మిల్లీవోల్టులే, కానీ సోడియం పంపు తిరుగుతుంటేనే అది ఉంటుంది. అబద్ధం చెప్పడం దానికి కష్టం. స్వీడన్‌లో లిన్‌షోపింగ్‌లో యోహాన్ సోడెర్‌హోమ్ బృందం 1990లలో మనిషి ఇలియం (చిన్నపేగు చివరి భాగం) ముక్కలను తీసుకుని, వోల్టేజిని, కణాల జీవక్రియను, సూక్ష్మదర్శినిలో కనిపించే రూపాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు మొదట చదవవలసిన పని అది.

ప్రయోగం చివర పైపొర స్రావాన్ని రేపే ఫోర్స్‌కోలిన్ గానీ కార్బకోల్ గానీ వేసి కరెంటు ఎగిరిందా అని చూడాలి. ఎగిరితే ఆఖరి నిమిషం దాకా ముక్క పలికింది అన్నమాట. మందుతో పాటు మానిటాల్ లాంటి గుర్తు పదార్థాన్ని కలిపి, అది మొదటి గంటలో దాటిన వేగానికీ చివరి గంటలో దాటిన వేగానికీ తేడా వచ్చిందేమో చూడాలి. ఆ తర్వాత ముక్కను ఫార్మలిన్‌లో వేసి పెథాలజిస్ట్‌కు పంపాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మామూలుగా దొరికే సమయం రెండు మూడు గంటలు. 1969లో బ్రౌనింగ్, ట్రయర్‌లు బయాప్సీ ముక్కలను పోషక ద్రావణంలో ఒక రోజు పాటు నిలిపి చూపించారు. కానీ జీవకణాలు మిగలడం వేరు, గోడ గోడలా పనిచేయడం వేరు. పారగమ్యతకు కావలసింది రెండోది.

చచ్చిన ముక్క ఇచ్చే సంఖ్య ఎందుకంత హానికరమో వివరంగా చెప్పాలి. అది అన్ని మందుల విషయంలో ఒకేలా తప్పు చెబితే సవరించుకోవచ్చు. అలా చెప్పదు. ప్రొప్రనొలాల్ కణాల కొవ్వు పొరలోంచే సులువుగా దాటుతుంది. దాని సంఖ్య ముక్క బతికున్నా చచ్చినా పెద్దగా మారకపోవచ్చు. అటెనొలాల్ కణాల మధ్య సందుల్లోంచి మెల్లగా పోతుంది. సందులు వదులైతే దాని సంఖ్య పైకి లేస్తుంది. డిగాక్సిన్‌ను పేగు కణం తిరిగి బయటికి నెట్టేస్తుంది, దానికి ఏటీపీ కావాలి. ఏటీపీ లేకపోతే రాకపోకలు రెండూ సమానమై, నెట్టే పంపే లేనట్టు కనిపిస్తుంది. సెఫలెక్సిన్‌ను లోపలికి మోసే వాహక ప్రోటీన్ ప్రోటాన్ల వాలు మీద నడుస్తుంది, ఆ వాలు కూడా చివరికి సోడియం పంపు పుణ్యమే. అది ఆగితే సెఫలెక్సిన్ సంఖ్య కిందికి పడిపోతుంది. ఒకే చచ్చిన ముక్క ఒక మందును ఉన్నదానికంటే మెరుగ్గా, ఇంకో మందును ఉన్నదానికంటే అధ్వాన్నంగా, మూడోదాన్ని సరిగ్గా చూపిస్తుంది. సులువుగా దాటే మందుల గురించి మనకు పెద్దగా సందేహం ఉండదు. సందేహం ఉన్న మందుల దగ్గరే అది దారి తప్పిస్తుంది.

సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ కూడా ఈ వరసలోదే. దాన్ని పేగులోకి తెచ్చే వాహకాన్ని 2006లో గుర్తించారు. చిన్నపేగు పైభాగంలో, గోడ మీది పలుచటి ఆమ్ల పొరను ఆసరా చేసుకుని అది పనిచేస్తుంది. మెథోట్రెక్సేట్ కూడా ఆ దారినే వాడుకుంటుంది. కీళ్లవాతానికి వారానికి 15 మిల్లీగ్రాములు దాటి మాత్రలుగా ఇస్తే, ఇచ్చినంత ఒంట్లోకి రాకపోవడం, డాక్టర్లు ఇంజెక్షన్‌కు మారడం మీలో చాలామందికి తెలుసు. లోపలికి మోసే వ్యవస్థకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడో కణజాలంలో కొలవాలంటే వాహకం సజీవంగా ఉండాలి.

దీనంతటికీ బదులు కాకో-2 కణాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, చాలా పనికొచ్చాయి కూడా. పెద్దపేగు క్యాన్సర్ నుంచి పెంచిన ఆ కణాలు మూడు వారాల్లో పలుచటి జల్లెడ మీద ఒక వరసగా అల్లుకుంటాయి. ప్రతి ల్యాబులోనూ, ప్రతి రోజూ దొరుకుతాయి. అయితే వాటికి జిగురు పొర లేదు, మందులను పేగులోనే విరిచే సీవైపీ3ఏ4 ఎంజైము చాలా తక్కువ, కణాల మధ్య సందులు మనిషి చిన్నపేగులో కంటే ఎంతో బిగువు. 1995లో గోర్డన్ అమిడన్ బృందం మందులను కరిగే గుణం, పారగమ్యత అనే రెండు కొలతలతో నాలుగు తరగతులు చేసింది. ఆ వర్గీకరణ వెనుక ఉప్సాలాలో హాన్స్ లెన్నెర్నాస్ బృందం చేసిన పని ఉంది. రెండు బెలూన్ల మధ్య పది సెంటీమీటర్ల జెజునంను బిగించి, మెలకువగా ఉన్న మనుషుల్లోనే వాళ్లు పారగమ్యతను కొలిచారు. 2000లో అమెరికా ఎఫ్.డి.ఏ. మార్గదర్శకం పారగమ్యతను నిరూపించే పద్ధతుల్లో కోసి తీసిన మనిషి పేగును కూడా లెక్కలోకి తీసుకుంది. 2019 నాటి అంతర్జాతీయ ఐసీహెచ్ ఎం9 మార్గదర్శకం ప్రయోగశాల పద్ధతుల్లో కాకో-2కే చోటిచ్చింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కణాలు ఒక ప్రమాణానికి లొంగుతాయి. మనిషి పేగు ముక్క ఎవరి చేతిలో, ఎన్ని నిమిషాలకు, ఏ స్థితిలో వచ్చిందో నమ్మకంగా రాసిపెట్టిన సంప్రదాయం మన రంగంలో పెరగలేదు. ఆ లోపం కణజాలానిది కాదు, మనది.

హైదరాబాద్‌లో కూర్చుని నేనీ మాట గట్టిగా అంటున్నానంటే కారణముంది. ప్రపంచం మింగే జనరిక్ మాత్రల్లో పెద్ద వాటా ఈ నగరం చుట్టుపక్కల తయారవుతుంది. ఇక్కడి ఫార్ములేషన్ శాస్త్రవేత్తలకు మాత్ర కరగడం గురించి ఎంతో తెలుసు. కరిగిన తర్వాత గోడ దాటడం గురించి మాత్రం అరువు సంఖ్యలతో పనిచేస్తున్నారు. పేగు మారని యంత్రం కాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బేకర్, మథాన్‌లు 1960ల నుంచి స్ప్రూ మీద చేసిన పని ఒకటి నేర్పింది: దక్షిణ భారతంలో పైకి ఆరోగ్యంగా కనిపించే పల్లె జనంలో కూడా చూషకాలు పాశ్చాత్య దేశాల వారి కంటే పొట్టిగా, వెడల్పుగా ఉండటం మామూలు. స్వీడన్ పేగులో కొలిచిన సంఖ్య మన పేగుకు అతుకుతుందో లేదో మన పేగులోనే కొలిచి చూడాలి. కొలవడానికి పేగు కొరత లేదు. మన పెద్దాసుపత్రుల్లో రోజూ ఆపరేషన్లు జరుగుతున్నాయి, తీసిన భాగంలో పెథాలజీకి అక్కర్లేనిది కాల్చేసే సంచీలోకి పోతోంది.

అది తీసుకోవాలంటే ముందు మనిషిని అడగాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు మిగిలిన కణజాలానికి కూడా అనుమతి అవసరాన్ని ప్రస్తావిస్తాయి. కాగితం మీద సంతకం ఒక్కటే సరిపోదని నా నమ్మకం. రేపు క్యాన్సర్ ఆపరేషన్‌కు వెళ్లబోయే మనిషి దగ్గర ఈ రాత్రి కూర్చుని, ఆయనకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి: మీ జబ్బు కోసం తీసే భాగంలోంచే తీసుకుంటాం, అదనంగా ఒక్క సెంటీమీటరు కూడా కోయం, మీరు కాదన్నా మీ వైద్యంలో తేడా రాదు అని. ఆ మనిషి సరే అన్నాక ముక్కను చల్లటి ద్రావణంలో వేయడం మరిచిపోయి, అరగంట స్టీలు ట్రేలో ఎండనిస్తే మనం ఆయనకు ఇచ్చిన మాట తప్పినట్టే. సజీవంగా ఉంచడం శాస్త్రపు నియమం కావడానికి ముందు ఇచ్చినవారి పట్ల మర్యాద.

పనిగా చూస్తే పెద్ద ఖర్చేమీ లేదు. థియేటర్ పక్క గదిలో ఒక ఫ్రిజ్, ఆ రోజు పొద్దున కలిపిన ద్రావణం, చిన్న గ్యాస్ సిలిండర్ చాలు. థియేటర్ బయట చేతిలో ఐసు డబ్బాతో నిలబడే పరిశోధక విద్యార్థి ఒకరు కావాలి. ఉదయం జాబితాలో ఏ ఆపరేషన్ ఎన్ని గంటలకో ముందుగా చెప్పే సిస్టర్ కావాలి. గడ్డ అంచులు చూసి, ఇంత భాగం మీరు తీసుకోవచ్చని అక్కడికక్కడే కత్తిరించి ఇచ్చే పెథాలజిస్ట్ కావాలి. అన్నిటికంటే ముందు, నాళానికి ముడి వేసిన క్షణంలో టైమ్ ఎంతో పైకి చెప్పే సర్జన్ కావాలి. రక్తస్రావాన్ని, దూది లెక్కను రాసుకునే రిజిస్టర్‌లోనే దానికీ ఒక గడి గీయవచ్చు. ఈ హాలులో ముగ్గురు నలుగురు సర్జన్లు కూర్చుని ఉన్నారు. వచ్చే వారం మీ థియేటర్ రిజిస్టర్‌లో ఆ గడి గీయించండి. ఆ టైమ్ రాసి పంపిన ముక్కను బిగించడానికి మా ల్యాబులో చాంబర్లు సిద్ధంగా ఉంటాయి.